బ్రిస్టల్ రేవునగరం: పేటలు, కట్టడాలు, చారిత్రక స్మృతి - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఇంగ్లండు నైరుతి భాగంలో ఏవన్ నది ఒడ్డున వెలసిన బ్రిస్టల్, మధ్యయుగాల నుంచి ప్రసిద్ధమైన రేవునగరం. 18వ శతాబ్దిలో ఈ నగరం సంపన్నం కావడానికి అట్లాంటిక్ బానిస వ్యాపారం, దానితో ముడిపడిన చక్కెర, పొగాకు వర్తకాలు ప్రధాన కారణాలు. ఆ వ్యాపారపు ఆనవాళ్లు నేటి నగరంలో ఎక్కడ కనిపిస్తాయన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. జనశ్రుతి వాటిని చీకటి గుహల్లో వెతుకుతుంది. చారిత్రక ఆధారాలు మాత్రం వాటిని నగరం గర్వంగా చూపుకొనే వీథుల్లో, భవనాల్లో, రంగస్థలాల్లో చూపుతున్నాయి. పాతనగరం, రెడ్‌క్లిఫ్, క్లిఫ్టన్, ఆర్నోస్ వేల్, సెయింట్ పాల్స్ ప్రాంతాలను వరుసగా పరిశీలించి ఈ విషయాన్ని నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: బ్రిస్టల్, రేవునగరం, బానిస వ్యాపారం, చారిత్రక స్మృతి, రామ్మోహన్ రాయ్, స్మారక చిహ్నాలు.

1. ఉపోద్ఘాతం

ఒక నగర చరిత్రను తెలుసుకోవడానికి శాసనాలు, దస్తావేజులు, లెక్కల పుస్తకాలు ఎంత అవసరమో, ఆ నగరపు వీథులు, పేటలు, కట్టడాలు కూడా అంతే అవసరం. అయితే కట్టడం తనంతట తాను చరిత్ర చెప్పదు. దానికి ఎవరు ఏ పేరు పెట్టారు, దాని గోడ మీద ఏ ఫలకం తగిలించారు, ఏ సంగతి చెప్పారు, ఏ సంగతి దాటవేశారు అన్నదాన్ని బట్టి చూపరికి అందే చరిత్ర మారుతుంది. రేవునగరాల విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. రేవులో లాభం చేరే చోటు ఒకటి, ఆ లాభానికి మూలమైన శ్రమ జరిగే చోటు మరొకటి. ఆ రెండింటి మధ్య ఒక మహాసముద్రం ఉంటుంది.

బ్రిస్టల్ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. నేడు అక్కడికి వెళ్లే యాత్రికులు రేవు చుట్టూ ఉన్న ప్రదర్శనశాలలను, బ్రూనెల్ నిర్మించిన ఓడను, క్లిఫ్టన్ వేలాడే వంతెనను, జార్జియన్ కాలపు భవన శ్రేణులను చూస్తారు. ఇవన్నీ చూడదగినవే. కాని వీటిని విడివిడిగా చూసినంతకాలం ఇవి అందమైన వస్తువులుగానే మిగులుతాయి. రేవు చరిత్రతో కలిపి చూసినప్పుడే ఒకదానికొకటి ఉన్న సంబంధం బోధపడుతుంది.

2. ఆటుపోట్ల మీద వెలసిన నగరం

బ్రిస్టల్ అన్న పేరు 'వంతెన ఉన్న చోటు' అన్న అర్థం గల ప్రాచీన ఆంగ్ల పదం నుంచి వచ్చింది. ఏవన్, ఫ్రూమ్ నదులు కలిసేచోట ఈ ఊరు వెలసింది. ఇది సముద్రతీరంలో లేదు. నగరం నుంచి ఏవన్ నది ఒక ఇరుకైన లోయగుండా కొన్ని మైళ్లు సాగి సెవర్న్ నదీముఖంలో కలుస్తుంది. ప్రపంచంలోనే అత్యధికంగా ఆటుపోట్ల తేడా ఉండే ప్రాంతాల్లో సెవర్న్ ముఖద్వారం ఒకటి. అక్కడ పోటుకు, ఆటుకు మధ్య నీటిమట్టం సుమారు 14 మీటర్ల వరకు మారుతుంది. పోటు సమయంలో ఓడలు నీటితోపాటు నగరం నడిబొడ్డు వరకు వచ్చేవి. ఆటు సమయంలో అవే ఓడలు రేవులో బురద మీద ఒరిగి పడి ఉండేవి. శత్రువులకు, తుపానులకు దూరంగా ఉండడం ఈ రేవుకు బలం, రోజుకు రెండుసార్లు నీరు తీయడం బలహీనత.

ఈ బలహీనతను అధిగమించడానికి నగరవాసులు తొలినుంచీ పాటుపడ్డారు. 1240లలో ఫ్రూమ్ నదిని కొత్త కాలువలోకి మళ్లించి రేవును విస్తరించారు. 1373లో మూడవ ఎడ్వర్డు రాజశాసనం ద్వారా బ్రిస్టల్‌కు ప్రత్యేక కౌంటీ ప్రతిపత్తి లభించింది. 1497లో జాన్ కాబట్ 'మాథ్యూ' అనే ఓడలో ఇక్కడి నుంచే బయలుదేరి ఉత్తర అమెరికా తీరాన్ని చేరాడు. ఆ యాత్రకు 400 ఏళ్లు నిండిన సందర్భంగా బ్రాండన్ హిల్ మీద కాబట్ టవర్ నిర్మాణానికి పూనుకున్నారు. 500 ఏళ్లు నిండిన సందర్భంగా ఆ ఓడకు నమూనాగా మరో ఓడను కట్టారు. అది నేటికీ రేవులో కనిపిస్తుంది.

కాబట్ యాత్రను నగరం ఇంత శ్రద్ధగా స్మరించుకున్నా, అంతకు నాలుగు శతాబ్దాల పూర్వపు సంగతి ఒకటి అంతగా ప్రచారంలో లేదు. 11వ శతాబ్దిలోనే ఈ రేవు నుంచి ఇంగ్లండు ప్రజలను బానిసలుగా ఐర్లండుకు అమ్మేవారు. వూస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్ పదేపదే ఈ ఊరికి వచ్చి, ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా బోధించి దాన్ని మాన్పించాడని సమీపకాలపు రచనలు చెబుతున్నాయి. మనుషులను సరుకుగా చూడడం ఈ రేవుకు 17వ శతాబ్దిలో కొత్తగా అబ్బిన అలవాటు కాదు. దాన్ని తప్పుగా ఎంచి ప్రశ్నించిన సంప్రదాయమూ అంతే పాతది.

3. పాతనగరం: వర్తకవీథి, క్వీన్ స్క్వేర్

ఆఫ్రికా వ్యాపారంపై లండన్‌లోని రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యం 1698లో తొలగింది. 1552లో రాజశాసనం పొందిన బ్రిస్టల్ వర్తకసంఘం, సొసైటీ ఆఫ్ మర్చంట్ వెంచరర్స్, ఈ మార్పు కోసం గట్టిగా కృషి చేసింది. 1698-1807 మధ్య బ్రిస్టల్ నుంచి 2,100కు పైగా బానిస నౌకాయాత్రలు సాగాయని, సుమారు 5 లక్షల మంది ఆఫ్రికన్లను ఆ ఓడలు తరలించాయని చరిత్రకారులు లెక్కగట్టారు. 1730ల నాటికి ఈ వ్యాపారంలో బ్రిస్టల్ లండన్‌ను మించింది. 1740లలో లివర్‌పూల్ ఆ స్థానాన్ని ఆక్రమించింది.

ఈ వ్యాపారం మూడు దశల్లో సాగేది. ఇత్తడి, రాగి సామానులు, తుపాకులు, మద్యం, వస్త్రాలతో ఓడ పశ్చిమాఫ్రికాకు వెళ్లేది. అక్కడ వాటికి మారకంగా మనుషులను కొని కరీబియన్ దీవులకు, అమెరికాకు చేర్చేది. అక్కడి నుంచి చక్కెర, పొగాకు వంటి సరుకులతో తిరిగి వచ్చేది. ఆఫ్రికాకు వెళ్లిన సరుకుల్లో భారతీయ నూలు వస్త్రాలకు మంచి గిరాకీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ లండన్‌లో వేలం వేసే ఆ వస్త్రాల్లో కోరమండల్ తీరపు నేత కూడా ఉంది. తమ నేత ఏ వ్యాపారానికి మారకమవుతున్నదో ఆ తీరపు సాలెవారికి తెలిసే అవకాశం లేదు. అట్లాంటిక్ చరిత్రను, హిందూ మహాసముద్ర చరిత్రను వేర్వేరుగా చదివితే ఈ లంకె కనిపించదు.

ఈ సంపదకు కేంద్రం కార్న్ స్ట్రీట్. జాన్ వుడ్ రూపకల్పన చేసిన ఎక్స్ఛేంజ్ భవనం 1743లో ఇక్కడ ప్రారంభమైంది. దాని ముందు నాలుగు కంచు స్తంభాలు బల్లల మాదిరిగా నిలిచి ఉంటాయి. వర్తకులు వాటి మీదనే డబ్బు చెల్లించి బేరాలు ముగించుకొనేవారు. భవనం గడియారానికి రెండు నిమిషాల ముళ్లు ఉన్నాయి. ఒకటి లండన్ కాలాన్ని, మరొకటి దానికి సుమారు 10 నిమిషాలు వెనుకబడిన స్థానిక కాలాన్ని చూపుతాయి. యాత్రికులు తప్పక చూసే వింతలివి. అదే భవనం ముఖభాగాన ఆఫ్రికా, అమెరికా వాసుల శిరస్సులు, ఆయా ఖండాల జంతువులు చెక్కి ఉన్నాయి. తన లాభం ఎక్కడి నుంచి వస్తున్నదో నగరం ఆనాడు దాచుకోలేదు సరికదా, రాతిలో చెక్కించి ప్రదర్శించుకుంది. కాలక్రమాన వాటిని చూసే కళ్లు వాటి అర్థాన్ని మరిచాయి.

ఇక్కడికి కొద్ది దూరంలో ఉన్న క్వీన్ స్క్వేర్ నిర్మాణం 1699లో మొదలైంది. అంటే ఆఫ్రికా వ్యాపారంలో నగరానికి స్వేచ్ఛ లభించిన మరుసటి ఏడాది. 1727 నాటికి పూర్తయిన ఈ విశాలమైన చతురస్ర ప్రాంగణం చుట్టూ ఓడల యజమానులు, కెప్టెన్లు, వర్తకులు ఇళ్లు కట్టుకున్నారు. పక్కనే ఉన్న కింగ్ స్ట్రీట్‌లో 1766లో ప్రారంభమైన థియేటర్ రాయల్, ఆంగ్లభాషా ప్రపంచంలో నేటికీ నిరంతరంగా నడుస్తున్న అత్యంత ప్రాచీన నాటకశాలగా పేరుపొందింది. దాని నిర్మాణానికి చందాలిచ్చినవారిలో ఆనాటి వర్తక ప్రముఖులున్నారు. శతాబ్ది మధ్యనాటికి నగరంలో సుమారు 20 చక్కెర శుద్ధి కర్మాగారాలు పనిచేసేవి. లూయిన్స్ మీడ్‌లోని ఒక కర్మాగార భవనం నేడు హోటలుగా మారింది.

ఈ వ్యాపారాన్ని నగరమంతా సమర్థించిందనుకోవడం సరికాదు. 1787లో థామస్ క్లార్క్‌సన్ బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా సాక్ష్యాలు సేకరించడానికి ఇక్కడికి వచ్చాడు. థామస్ లేన్‌లోని సెవెన్ స్టార్స్ అనే మద్యశాల యజమాని, రేవు పరిసరాల్లో నావికులను ఎలా వలవేసి పడుతున్నారో అతనికి దగ్గరుండి చూపించాడు. పాలు అమ్ముకొని జీవించిన కవయిత్రి ఆన్ యియర్స్‌లీ 1788లో ఈ వ్యాపారపు అమానుషత్వంపై కావ్యం ప్రకటించింది. 1795లో యువకవి కోల్‌రిడ్జ్ రేవు ఒడ్డునే ఉపన్యసించాడు. మరొకవైపు 1791లో విల్బర్‌ఫోర్స్ ప్రతిపాదన పార్లమెంటులో ఓడిపోయినప్పుడు ఈ నగరంలో చర్చి గంటలు మోగించి సంబరాలు చేసుకున్నారు. ఈ రెండు బ్రిస్టళ్లూ ఒకే వీథుల్లో ఉండేవి.

4. రెడ్‌క్లిఫ్: ఆధారం లేని కథ, కథ లేని ఆధారం

రేవుకు దక్షిణాన రెడ్‌క్లిఫ్ పేటలో సెయింట్ మేరీ చర్చి ఉంది. ఎత్తయిన శిఖరంతో, గోథిక్ శిల్పంతో ఇది ఇంగ్లండులోని ప్రసిద్ధ ప్రార్థనాలయాల్లో ఒకటి. దాని సమీపంలో ఎర్ర ఇసుకరాతిలో తవ్విన గుహలున్నాయి. బానిసలను ఈ గుహల్లో బంధించేవారన్న కథ ఇప్పటికీ వినిపిస్తుంది. అలాగే నగరంలోని వైట్‌లేడీస్ రోడ్, బ్లాక్‌బాయ్ హిల్ అన్న పేర్లు బానిసల సంత నుంచి వచ్చాయన్న నమ్మకమూ ఉంది. ఈ రెండింటికీ ఆధారాలు లేవు. గుహలు గాజు తయారీకి కావలసిన ఇసుక కోసం తవ్వినవి. పేర్లు పాత సత్రాల నుంచి వచ్చినవి.

అసలు బ్రిస్టల్ ఓడలు తరలించిన ఆఫ్రికన్లలో అత్యధికులు ఈ నగరాన్ని కంటితో చూడనే లేదు. వారు ఆఫ్రికా తీరం నుంచి నేరుగా కరీబియన్ చెరకు తోటలకు చేరారు. రేవుకు వచ్చింది మనుషులు కాదు, వారి శ్రమఫలం. ఈ సంగతి గ్రహిస్తే గుహల కథ ఎందుకు పుట్టిందో ఊహించవచ్చు. ఇంత పెద్ద అన్యాయానికి ఊరిలో ఒక చీకటి చోటు ఉండి తీరాలని జనం భావించారు. ఆ భావన సహజమైనదే. కాని దానివల్ల ఒక నష్టముంది. నేరాన్ని గుహలో పెట్టి చూసినవారికి క్వీన్ స్క్వేర్ నిర్దోషిగా కనిపిస్తుంది.

నగరానికి వచ్చిన కొద్దిమంది ఆఫ్రికన్ల గుర్తులు వేరే చోట్ల ఉన్నాయి. ఉత్తరాన హెన్‌బరీ చర్చి ఆవరణలో స్కిపియో ఆఫ్రికానస్ అనే యువకుడి సమాధి ఉంది. ఒక ప్రభువు ఇంట సేవకుడైన ఇతడు 1720లో 18 ఏళ్ల వయసులో మరణించాడు. రోమన్ సేనాని పేరును అతనికి తగిలించడంలోనే యజమాని అధికారం వ్యక్తమవుతుంది. నగరం మధ్య గ్రేట్ జార్జ్ స్ట్రీట్‌లో, 1790 ప్రాంతంలో జాన్ పిన్నీ కట్టించిన ఇల్లు జార్జియన్ హౌస్ అనే ప్రదర్శనశాలగా ఉంది. పిన్నీకి నెవిస్ దీవిలో చెరకు తోటలుండేవి. 1765లో 12 ఏళ్ల పెరోను, అతని ఇద్దరు సోదరీమణులను పిన్నీ కొన్నాడు. తరువాత పెరో అతని అంతరంగిక సేవకుడై, 1783లో అతనితో బ్రిస్టల్ వచ్చి, 1798లో మరణించాడు. యజమాని ఇంటి బల్లలు, వంటగది, స్నానపు తొట్టి అన్నీ భద్రంగా మిగిలాయి. పెరో గురించి మిగిలింది యజమాని లెక్కల పుస్తకాల్లో, ఉత్తరాల్లో కనిపించే వివరాలు మాత్రమే. 1999లో రేవు మీద కట్టిన కాలినడక వంతెనకు 'పెరోస్ బ్రిడ్జ్' అని పేరు పెట్టడంతో, అతని పేరు తొలిసారి నగరపటంలోకి ఎక్కింది.

5. నిలువనీటి రేవు, క్లిఫ్టన్ కొండ

ఆటు సమయంలో ఓడలు బురదలో చిక్కే సమస్యకు 19వ శతాబ్ది ప్రారంభంలో పరిష్కారం దొరికింది. ఇంజినీరు విలియం జెసప్ పథకం ప్రకారం 1804-1809 మధ్య ఏవన్ నదికి 'న్యూ కట్' అనే కొత్త కాలువ తవ్వి ఆటుపోట్లను అటు మళ్లించారు. పాత నదీమార్గానికి లాకులు బిగించి నీటిని ఎల్లప్పుడూ ఒకే మట్టంలో నిలిపారు. ఓడలు నిరంతరం తేలి ఉంటాయి కనుక దీనికి ఫ్లోటింగ్ హార్బర్ అన్న పేరు వచ్చింది. అయితే ఈ మహానిర్మాణం పూర్తయ్యేనాటికి రేవు ఉచ్చస్థితి గతించింది. 1807లో బానిస వ్యాపారం నిషిద్ధమైంది. రేవు సుంకాలు ఎక్కువ కావడంతో వర్తకులు లివర్‌పూల్ వైపు మొగ్గారు.

ఇందుకు బ్రూనెల్ ఓడ కథే నిదర్శనం. 98 మీటర్ల పొడవున, ఇనుప దేహంతో, ప్రొపెల్లర్‌తో నిర్మించిన 'గ్రేట్ బ్రిటన్' 1843లో ఇక్కడ జలప్రవేశం చేసింది. ఓడ పరిమాణానికి లాకులు చాలక అది రేవు దాటడానికే ఏడాదికి పైగా పట్టింది. ఆపై అది లివర్‌పూల్ నుంచి ప్రయాణాలు సాగించింది. శిథిలమై ఫాక్‌లాండ్ దీవుల్లో వదిలేసిన ఆ ఓడను 1970లో వెనక్కు తెచ్చి, అది పుట్టిన డాకులోనే నిలిపారు. నేడు నగరానికి అది ముఖ్య ఆకర్షణ.

రేవు మురికికి, రద్దీకి దూరంగా సంపన్నులు క్లిఫ్టన్ కొండకు తరలారు. రాయల్ యార్క్ క్రెసెంట్ వంటి అర్ధచంద్రాకార భవన శ్రేణుల నిర్మాణం 1790ల ప్రారంభంలో మొదలై, యుద్ధం వల్ల వచ్చిన ఆర్థిక సంక్షోభంలో ఆగి, తరువాత పూర్తయింది. 1754లో విలియం విక్ అనే మద్య వర్తకుడు వంతెన కోసం విడిచిపోయిన 1,000 పౌండ్ల నిధిని వర్తకసంఘం కాపాడుతూ వచ్చింది. ఆ నిధి పునాదిగా బ్రూనెల్ రూపకల్పన చేసిన క్లిఫ్టన్ వేలాడే వంతెన, ఆయన మరణించిన ఐదేళ్లకు, 1864లో ప్రారంభమైంది. ఏవన్ లోయ మీద 214 మీటర్ల వెడల్పున అది వేలాడుతుంది.

క్లిఫ్టన్ సంపదను అంచనా వేయడానికి మరొక ఆధారం బానిసల యజమానులకు చెల్లించిన పరిహారపు లెక్కలు. 1833 నాటి బానిసత్వ రద్దు చట్టం యజమానులకు 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. విముక్తులైనవారికి ఏమీ దక్కలేదు. పైగా 'అప్రెంటిస్' విధానం పేరుతో 1838 వరకు పాత యజమానుల వద్దనే కూలి లేని పని చేయవలసివచ్చింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఈ లెక్కలను వెలికితీసి క్రోడీకరించగా, పరిహారం పొందినవారిలో బ్రిస్టల్, క్లిఫ్టన్ నివాసులు గణనీయంగా కనిపించారు. కొండమీది తెల్లని భవన శ్రేణులకు, కరీబియన్ చెరకు తోటలకు ఉన్న సంబంధం దీనితో జనశ్రుతి స్థాయి దాటి దస్తావేజుల స్థాయికి చేరింది.

6. 1831, 1833: ఒక అల్లరి, ఒక అతిథి

1831 అక్టోబరులో ఓటుహక్కు సంస్కరణ బిల్లును ప్రభువుల సభ తిరస్కరించింది. బిల్లుకు బద్ధవిరోధి, నగర న్యాయాధికారి అయిన చార్లెస్ వెదరెల్ బ్రిస్టల్‌కు రావడంతో అల్లర్లు చెలరేగాయి. మూడు రోజులపాటు సాగిన ఆ అల్లర్లలో మాన్షన్ హౌస్, కస్టమ్స్ హౌస్, బిషప్ నివాసం, చెరసాలలు తగలబడ్డాయి. క్వీన్ స్క్వేర్ రెండు వైపుల ఇళ్లు బూడిదయ్యాయి. నలుగురిని ఉరితీశారు. అప్పుడే పునాది పడిన క్లిఫ్టన్ వంతెన పనులు ఆగిపోయాయి.

ఆ సంస్కరణ బిల్లును ఆసక్తితో గమనించినవారిలో ఒక భారతీయుడున్నాడు. మొగలాయి చక్రవర్తి రెండవ అక్బర్ ప్రతినిధిగా 1831లో ఇంగ్లండు చేరిన రాజా రామ్మోహన్ రాయ్, ఆ బిల్లు విజయాన్ని స్వాతంత్ర్యప్రియులందరి విజయంగా భావించాడు. సతీసహగమన నిషేధంపై దాఖలైన అప్పీలును ప్రీవీ కౌన్సిల్ 1832లో తోసిపుచ్చినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. 1833 సెప్టెంబరులో యూనిటేరియన్ మతాచార్యుడు లాంట్ కార్పెంటర్ మిత్రుల ఆహ్వానంపై బ్రిస్టల్ వచ్చి, శివారులోని స్టేపుల్టన్‌లో బస చేశాడు. లూయిన్స్ మీడ్ ప్రార్థనామందిరానికి వెళ్లాడు. కొద్ది రోజులకే జబ్బుపడి సెప్టెంబరు 27న కన్నుమూశాడు.

ఇక్కడ తేదీలను జాగ్రత్తగా గమనించాలి. రామ్మోహన్ మరణానికి సుమారు నెల ముందు, 1833 ఆగస్టు 28న, రెండు చట్టాలకు రాజామోదం లభించింది. ఒకటి బానిసత్వ రద్దు చట్టం. రెండవది ఈస్టిండియా కంపెనీ పాలనను పునర్వ్యవస్థీకరించిన చార్టర్ చట్టం. మొదటి చట్టం కంపెనీ ఏలుబడిలోని భూభాగాలను తన పరిధి నుంచి మినహాయించింది. భారతదేశంలో బానిసత్వానికి చట్టపరమైన గుర్తింపును తొలగించిన ఐదో చట్టం 1843లో గాని రాలేదు. ఒకే సామ్రాజ్యంలో స్వేచ్ఛ ఒక సముద్రానికి ఒకనాడు, మరో సముద్రానికి మరొకనాడు వచ్చింది.

అదే 1843లో రామ్మోహన్ భౌతికకాయాన్ని స్టేపుల్టన్ నుంచి ఆర్నోస్ వేల్ శ్మశానవాటికకు తరలించారు. ద్వారకానాథ్ ఠాగూర్ పూనికతో, విలియం ప్రిన్సెప్ రూపకల్పనతో భారతీయ ఛత్రీ శైలిలో అక్కడ సమాధిమండపం వెలసింది. చుట్టూ ఉన్న గ్రీకు, రోమన్ శైలి స్మారకాల నడుమ అది ప్రత్యేకంగా కనిపిస్తుంది. లాంట్ కార్పెంటర్ కుమార్తె మేరీ కార్పెంటర్ రామ్మోహన్ స్ఫూర్తితో 1866 నుంచి పలుమార్లు భారతదేశం వచ్చి స్త్రీవిద్య కోసం పాటుపడింది. బ్రహ్మసమాజ భావాలు కందుకూరి వీరేశలింగం, రఘుపతి వేంకటరత్నం నాయుడు వంటివారి ద్వారా తెలుగునాట సంస్కరణోద్యమానికి బలమిచ్చాయి. అందువల్ల ఆర్నోస్ వేల్ తెలుగు పాఠకులకు పూర్తిగా పరాయి చోటు కాదు. 1997లో నగర నడిబొడ్డున, కాలేజ్ గ్రీన్ వద్ద రామ్మోహన్ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.

7. సెయింట్ పాల్స్: దూరం తగ్గిన చోటు

సెయింట్ పాల్స్ పేటలోని పోర్ట్‌లాండ్ స్క్వేర్ 18వ శతాబ్ది చివర సంపన్నుల కోసం కట్టినది. కాలక్రమాన సంపన్నులు తరలిపోగా, యుద్ధకాలపు బాంబుదాడుల తరువాత ఆ పేట శిథిలమైంది. 1950లలో వెస్టిండీస్ నుంచి వచ్చినవారికి అద్దె గదులు దొరికిన కొద్ది చోట్లలో ఇది ఒకటి. బ్రిస్టల్ వర్తకుల చెరకు తోటల్లో పూర్వం పనిచేసినవారి సంతతి, ఆ వర్తకుల కాలపు ఇళ్లలోకే అద్దెకు వచ్చింది. అట్లాంటిక్‌కు ఆవల ఉన్న చరిత్ర ఆ విధంగా నగరం లోపలికి చేరింది.

అప్పట్లో నగర బస్సు సంస్థ నల్లజాతివారిని, ఆసియావాసులను డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకొనేది కాదు. దీనికి నిరసనగా 1963 ఏప్రిల్ చివర పాల్ స్టీఫెన్‌సన్, రాయ్ హ్యాకెట్ తదితరుల నాయకత్వంలో బస్సుల బహిష్కరణ మొదలైంది. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఊరేగింపు తీశారు. వెస్టిండీస్ మాజీ క్రికెటర్, అప్పటి ట్రినిడాడ్ హైకమిషనర్ లియరీ కాన్‌స్టంటైన్ మద్దతు తెలిపాడు. ఆగస్టు 28న సంస్థ తన విధానాన్ని విరమించుకున్నట్లు ప్రకటించింది. బానిసత్వ రద్దు చట్టానికి ఆమోదం లభించి ఆనాటికి సరిగ్గా 130 ఏళ్లు. సెప్టెంబరులో కొత్త విధానం కింద చేరిన తొలి కండక్టర్ రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. 1965, 1968 నాటి జాతివివక్ష నిరోధక చట్టాలకు ఈ ఉద్యమం దోహదపడిందని చరిత్రకారులు భావిస్తారు. 1968లో ఈ పేటలో మొదలైన కార్నివాల్ నగరానికి గుర్తింపు తెచ్చిన వేడుకగా ఎదిగింది.

8. ఫలకం వివాదం: కోల్‌స్టన్ విగ్రహం

ఎడ్వర్డ్ కోల్‌స్టన్ (1636-1721) బ్రిస్టల్‌లో పుట్టినా ఎక్కువకాలం లండన్ పరిసరాల్లోనే జీవించాడు. 1680లో రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో చేరి, తరువాత డిప్యూటీ గవర్నరయ్యాడు. అతడు ఆ కంపెనీలో ఉన్న కాలంలో దాని ఓడలు సుమారు 84,000 మంది ఆఫ్రికన్లను తరలించాయని, వారిలో సుమారు 19,000 మంది దారిలోనే మరణించారని అంచనా. తన సంపదలో గణనీయభాగాన్ని బ్రిస్టల్‌లో పాఠశాలలకు, అనాథ గృహాలకు ఇచ్చాడు. అతడు మరణించిన 174 ఏళ్లకు, 1895లో, నగరం అతని విగ్రహాన్ని నెలకొల్పి పుణ్యపురుషుడిగా కీర్తిస్తూ ఫలకం వేసింది. దానధర్మాల ప్రస్తావన ఉంది, ధనం వచ్చిన దారి లేదు.

ఈ లోపాన్ని సవరించే ప్రయత్నం 2018లో జరిగింది. బానిస వ్యాపారంలో అతని పాత్రను తెలిపే రెండవ ఫలకాన్ని అమర్చాలని నగరపాలక సంస్థ సంకల్పించింది. ఏ వాక్యం ఉండాలి, ఏ సంఖ్య చెప్పాలి అన్నదానిపై వివాదం రేగింది. వర్తకసంఘం సభ్యుడొకరు మార్పులు సూచించగా పాఠం పలుచబడింది. 2019లో మేయర్ మార్విన్ రీస్ ఆ పాఠాన్ని అంగీకరించలేదు. ఫలకం పడలేదు.

2020 జూన్ 7న జాతివివక్షపై నిరసన ప్రదర్శనలో పాల్గొన్నవారు విగ్రహాన్ని కూల్చి, ఈడ్చుకెళ్లి రేవులో పడవేశారు. విగ్రహం మునిగిన చోటు పెరోస్ బ్రిడ్జ్‌కు సమీపంలోనే ఉంది. ఆ నెలలోనే హెన్‌బరీలోని స్కిపియో ఆఫ్రికానస్ సమాధిఫలకాన్ని ఎవరో పగలగొట్టారు. విగ్రహాన్ని కూల్చిన కేసులో నలుగురిని జ్యూరీ 2022 జనవరిలో నిర్దోషులుగా ప్రకటించింది. నీటిలోంచి తీసిన విగ్రహాన్ని రంగు మరకలతో సహా, నిలబెట్టకుండా పడుకోబెట్టి, రేవు గట్టునున్న ఎం షెడ్ ప్రదర్శనశాలలో ఉంచారు. కోల్‌స్టన్ హాల్ పేరు బ్రిస్టల్ బీకన్‌గా మారింది.

కూల్చివేత న్యాయమా అన్న చర్చ ఒకటి, అది ఎందుకు జరిగిందన్న చరిత్ర మరొకటి. రెండవదానికి ఆధారాలు స్పష్టంగా ఉన్నాయి. విగ్రహాన్ని అలాగే ఉంచి దాని పక్కన నిజం రాయడానికి నగరానికి అవకాశం వచ్చింది. ఒక వాక్యం మీద ఏకాభిప్రాయం కుదరక ఆ అవకాశం చేజారింది.

9. ముగింపు

వాణిజ్యనౌకల రాకపోకలు నిలిచి 1975లో బ్రిస్టల్ నగర రేవు మూతపడింది. అంతకుముందే రేవులో కొంత భాగాన్ని పూడ్చి రహదారులు వేయాలన్న ఆలోచన రాగా, పౌరుల వ్యతిరేకత వల్ల అది ఆగింది. గిడ్డంగులు కళాకేంద్రాలుగా, ప్రదర్శనశాలలుగా మారాయి. నేడు మనం చూసే అందమైన రేవు ఆ పౌరప్రయత్న ఫలితం. ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

అ. బ్రిస్టల్ పేటలన్నీ ఒకే రేవు చరిత్రలోని వేర్వేరు దశలు. క్వీన్ స్క్వేర్ ఆఫ్రికా వ్యాపారపు ఆరంభాన్ని, క్లిఫ్టన్ దాని లాభాన్ని, సెయింట్ పాల్స్ దాని పర్యవసానాన్ని సూచిస్తాయి.

ఆ. బానిస వ్యాపారపు ఆనవాళ్లు గుహల్లో లేవు. అవి వర్తకభవనాల శిల్పాల్లో, యజమానుల లెక్కల పుస్తకాల్లో, పరిహారపు జాబితాల్లో ఉన్నాయి. జనశ్రుతిని తోసిపుచ్చడంవల్ల ఆ అన్యాయం తీవ్రత తగ్గదు. అది జరిగిన అసలు స్థలాలు బయటపడతాయి.

ఇ. నగరస్మృతిలో వచ్చిన మార్పులు పైనుంచి అనుగ్రహంగా వచ్చినవి కావు. క్లార్క్‌సన్ సాక్ష్యసేకరణ, 1963 నాటి బహిష్కరణ, 2020 నాటి ఘటన, పరిశోధకుల దస్తావేజు కృషి కలిసి ఆ మార్పును తెచ్చాయి.

ఈ. భారతదేశానికి ఈ రేవుతో ఉన్న సంబంధం రామ్మోహన్ సమాధితో ముగియదు. ఆఫ్రికా వ్యాపారంలో మారకమైన భారతీయ వస్త్రాలు, 1833 నాటి జంట చట్టాలు ఆ సంబంధాన్ని మరింత లోతుగా చూపుతున్నాయి. కోరమండల్ తీరపు నేత, అట్లాంటిక్ బానిస వ్యాపారాల మధ్య సంబంధంపై తెలుగులో విస్తృతమైన పరిశోధన జరగవలసి ఉంది. మచిలీపట్నం వంటి మన రేవుపట్టణాల చరిత్రను తిరిగి చదవడానికి అది మంచి దారి చూపగలదు.